సౌనాలో సాంబ్రాణి

అమెరికా వెళ్ళి ఇంగ్లీషు బాగుచేసుకుని వస్తుందని మావాళ్ళు నన్ను పంపిస్తే, నేను వెళ్ళి ఫిన్నిష్ నేర్చుకుని వచ్చాను. ఈ మాట చెప్తే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఫిన్లాండ్ ఎక్కడ, అమెరికా ఎక్కడ అంటారు. ఇందులో నా ప్రతిభ ఏమీ లేదు. మా కాలేజీవాళ్ళు ఏడాది ఎక్స్‌చేంజ్‌కని పంపిన ఊరు అలాంటిది. మిషిగన్ రాష్ట్రం నెత్తిమీద, సుపీరియర్ సరస్సు ఒడ్డున, సగం ఏడాది మంచులో కూరుకుపోయి ఉండే చిన్న ఊరు. ఎప్పుడో రాగి గనుల్లో పనికని ఫిన్లాండ్ నుంచి వచ్చినవాళ్ళ మనవలూ మునిమనవలే ఊరినిండా. గనులు మూతపడ్డాయి గానీ వాళ్ళ భాష, వాళ్ళ రొట్టె, వాళ్ళ ఆవిరి స్నానం ఎక్కడికీ పోలేదు. అక్కడి కాలేజీకి వచ్చిన ఎక్స్‌చేంజ్ పిల్లలు ఫిన్నిష్ క్లాసులో కూర్చోవాల్సిందే, ఫిన్నిష్ వాళ్ళ ఇంట్లో ఉండాల్సిందే.

విమానం దిగిన నన్ను, ఎక్స్‌చేంజ్ పిల్లల వ్యవహారాలు చూసే కాలేజీ ఉద్యోగిని తన కార్లో ఎక్కించుకుంది. నాకంటే ఐదారేళ్ళు పెద్ద ఉంటుందేమో. దారంతా మాట్లాడుతూనే ఉంది, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాటల మధ్యలోనే ఇదీ చెప్పింది: "డిసెంబర్‌లో వచ్చి, నువ్వు ఉండబోయే ఇంటావిణ్ణి అడుగుతాను, రెండో సెమిస్టర్‌కి కూడా నిన్ను ఉంచుకుంటుందో లేదో. వద్దంటే ఈ ఊళ్ళో నాకు ఇంకో ఇల్లు దొరకలేదు. అప్పుడు నువ్వు ఇండియా వెళ్ళిపోవాల్సి వస్తుంది." నవ్వుతూనే చెప్పింది, నేనూ నవ్వుతూనే విన్నాను. మనల్ని వద్దనేవాళ్ళు ఎవరుంటారులే అనుకున్నాను. అప్పటికి ఇంకా ముమ్ముని చూడలేదు కదా.

ముమ్ము అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి అలాగే పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. డెబ్భై దాటిన మనిషి, పొడుగ్గా, దిట్టంగా, గుమ్మంలో నిలబడితే ఇంకెవరూ పట్టకుండా ఉండేది. నా పెట్టెను చూసింది, నన్ను చూసింది, "నో నీన్" అంది. తర్వాత కాఫీ ఇచ్చింది. రొట్టె ఇచ్చింది. ఆ రొట్టె తుంచితే గుప్పున ఏలకుల వాసన! మా అమ్మ పరమాన్నం వాసన ఈ మంచు ఊళ్ళోకి ఎలా వచ్చిందిరా దేవుడా అని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, వెంటనే నవ్వు కూడా వచ్చింది. ఆ సంగతి ఆవిడకి పావుగంటసేపు వివరించాను. మా అమ్మ పరమాన్నంలో ఏమేం వేస్తుందో, మా నానమ్మ దానికి ఏమేం వంకలు పెడుతుందో అన్నీ చెప్పాను. ఆవిడ అంతా విని, ఇంకో ముక్క కోసి నా పళ్ళెంలో పెట్టింది. ఆ సాయంత్రానికి మా సంభాషణ అంతే.

నో నీన్ అంటే ఏమిటని క్లాసులో మా మాస్టారిని అడిగాను. దానికి అర్థమంటూ ప్రత్యేకంగా లేదు, అన్ని అర్థాలూ ఉన్నాయి అన్నాడు. సరే అంటే అది, ఇక చాలు అంటే అది, పద పోదాం అంటే అది, అయ్యో పాపం అన్నా అదే. ముమ్ము రోజంతా ఆ ఒక్క మాటతో కాపురం నెట్టుకొచ్చేది. నాకు మాత్రం ఫిన్నిష్ మహా సరదాగా ఉండేది. పదిహేను విభక్తులు అనగానే క్లాసులో అమెరికా పిల్లలు మొహాలు వేలాడేశారు. నేను డు ము వు లు చదివి వచ్చినదాన్ని, నాకు లెక్కేమిటి? తాళం వేసుకుంటూ పాడేసేదాన్ని. ఒత్తులైతే ఇక చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళు అక్కడ నత్తి కొడుతుంటే నేను ఒత్తక్షరాల మీద పరిగెత్తేదాన్ని. మాస్టారు మురిసిపోయేవాడు. తీరా నేర్చుకున్న ఆ భాషలో నాతో మాట్లాడే మనిషే ఇంట్లో లేకపోయింది.

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా పెదనాన్న కొడుకు, అంటే అన్నయ్య, వదిన ఉండేవాళ్ళు. వదిన వరంగల్ మనిషి. వారం వారం ముమ్ము వంటింటి గోడ ఫోన్‌కి కాల్ చేసేది.

"ఏం పిల్లా, మంచిగున్నవా? తిన్నవా? గా ముసలమ్మ ఇయ్యాలన్నా మాట్లాడిందా?"

"పొద్దున ఒక మాట అందొదినా. 'మంచు పడుతుంది' అంది."

"పడిందా?"

"మోకాళ్ళదాకా పడింది."

"మరింకేం, మాట మీద నిలబడేటి మనిషి," అని వదిన పడీపడీ నవ్వేది. నేను ఫోన్ తీగ పొడవున వంటింట్లో పచార్లు చేస్తూ, చేతులు తిప్పుతూ, గొంతెత్తి వారం సంగతులన్నీ ఏకరువు పెట్టేదాన్ని. మూలన కూర్చుని ఊలు అల్లుకుంటూ ముమ్ము అంతా చూసేది. మొదటిసారి నేను ఫోన్ పెట్టగానే మెల్లగా అడిగింది, "ఎవరైనా పోయారా?" అని. అంత మాట్లాడాలంటే ఎవరో ఒకరు పోయి ఉండాలని ఆవిడ లెక్క.

ఇక శనివారాల గురించి చెప్పాలి. ఇంటి వెనక చిన్న చెక్క గది, దానికో పొగగొట్టం. అదే సౌనా. ముమ్ము వాళ్ళ నాన్న తన చేతులతో కట్టుకున్నాడట. లోపల కట్టెల పొయ్యి, పొయ్యిమీద గుట్టగా రాళ్ళు, గోడవారగా మెట్లు మెట్లుగా బల్లలు. రాళ్ళు కాగాక వాటిమీద నీళ్ళు చల్లితే ఆవిరి లేచి ఒంటిని చుట్టేస్తుంది. శనివారం మధ్యాహ్నం ముమ్ము చెల్లెళ్ళిద్దరూ వచ్చేవాళ్ళు. పెద్ద చెల్లెలు అక్కలాగే గంభీరం. చిన్న చెల్లెలు బొద్దుగా, బుగ్గలు ఎర్రగా, మాట్లాడదు గానీ కళ్ళతో నవ్వుతుంది. సౌనాలో చర్చిలో ఉన్నట్టు ఉండాలి, గట్టిగా మాట్లాడకూడదు అని నాకు ముందే చెప్పింది ఈ చిన్నావిడే.

మొదటి శనివారం నేను నైటీ వేసుకుని, పైన చున్నీ కప్పుకుని, సబ్బుపెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. లోపల ముగ్గురు అక్కచెల్లెళ్ళూ పుట్టినప్పుడు ఎలా ఉన్నారో అలాగే కూర్చుని ఉన్నారు. నా కళ్ళు పైకప్పుకి అతుక్కుపోయాయి. ముమ్ము నన్ను ఎగాదిగా చూసి, "బట్టలు తడుస్తాయి" అంది. తడిశాయి. చున్నీ మెడకి చుట్టుకుంది, నైటీ ఒంటికి అంటుకుని ఉడికించిన కుడుములా అయ్యాను. రెండో వారం లంగా గుండెలమీదికి లాగి కట్టుకుని వెళ్ళాను, కాలవ దగ్గర మా ఊరి ఆడవాళ్ళు కట్టుకున్నట్టు. ఆ తర్వాత తువ్వాలుకి దిగాను. అక్టోబర్ వచ్చేసరికి సిగ్గు ఎక్కడ జారిపోయిందో నాకే తెలియదు. ఒక్కరైనా నన్ను తేరిపార చూడలేదు, వ్యాఖ్యానించలేదు. లావయ్యావు, నల్లబడ్డావు అనని ఆడవాళ్ళ మధ్య అలా కూర్చోవడం నాకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. బిర్చ్ చెట్టు కొమ్మల్ని కట్టగా కట్టి, నీళ్ళలో నానబెట్టి, ఒకరి వీపుమీద ఒకరు కొట్టుకుంటారు. ముమ్ము మొదటిసారి నా వీపుమీద కొట్టినప్పుడు నేనేం తప్పు చేశానా అని హడలిపోయాను. అది మర్దనా అని తెలిశాక, నా వంతు ఎప్పుడొస్తుందా అని వీపు తిప్పి ముందే కూర్చునేదాన్ని.

ఒళ్ళు కాగాక తలుపు తీసుకుని బయటికి పరిగెత్తాలి. చలిగాలి చెంపమీద కొడుతుంది, ఒంట్లోంచి పొగలు లేస్తాయి. నాకైతే తిక్క సంతోషం వచ్చేసేది. అరిచేదాన్ని, గెంతేదాన్ని, తెలుగులో దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలిచేదాన్ని. చిన్న చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ముమ్ము మాత్రం మంచుకేసి చూస్తూ నిలబడేది. తిరిగి లోపలికి వచ్చి కాఫీ తాగుతుంటే, ఈ శనివారాలు ఇంకో ఆరునెలలు ఉంటే చాలు, నాకింకేమీ వద్దు అనిపించేది. ఆ ఇల్లు నాకు కావాలి. ఆ ముసలమ్మ నన్ను ఉంచుకోవాలి. కానీ నేనంటే ఆవిడకి ఇష్టమో, కష్టమో, అసలు ఏదైనా ఉందో లేదో ఆ మొహంలో తెలిసేది కాదు.

దీపావళి ముందర వదిన పార్సెల్ పంపింది. కొబ్బరినూనె సీసా, సున్నిపిండి, పొట్లం కట్టిన సాంబ్రాణి.

"దీపావళి వారం మధ్యలో వచ్చింది వదినా, నాకు క్లాసులున్నాయి," అన్నాను ఫోన్లో.

"అమెరికాల పండగలన్నీ శనివారమే వస్తయ్ పిల్లా, గంత కూడ తెల్వదా?" అంది వదిన.

శనివారం అనగానే నా బుర్రలో దీపం వెలిగింది. వేడి నీళ్ళున్నాయి, వెచ్చటి గది ఉంది, తలలు మూడున్నాయి. ముమ్ము దగ్గరికి వెళ్ళి, ఈ శనివారం మా పండగ, మా ఆచారం ప్రకారం మీ ముగ్గురికీ తలంటు పోస్తాను అని, వచ్చిన ఫిన్నిష్ అంతా ఊడ్చి చెప్పాను. ఆవిడ అల్లిక ఆపి కాసేపు ఆలోచించి, "నో నీన్" అంది. నేను దాన్ని ఔనన్నట్టే లెక్కేసుకున్నాను.

అబ్బ, ఆ తలంటు! నూనె గోరువెచ్చగా కాచి, ముగ్గుర్నీ కింది బల్లమీద వరసగా కూర్చోబెట్టి, మా అమ్మమ్మ మా మాడు మీద ఎలా దరువేసేదో అలాగే వేశాను. పెద్ద చెల్లెలు మొదట బిగుసుకుని కూర్చుంది, కాసేపటికి మెడ వాల్చేసింది. చిన్న చెల్లెలు సున్నిపిండి వాసన చూసి, ఇది రొట్టెలోకా అని అడిగింది. ముమ్ము నెరిసిన జుట్టు విప్పితే నడుం దాకా ఉందని నాకు ఆ రోజే తెలిసింది. నూనె పట్టిస్తుంటే ఆవిడ కళ్ళు మూసుకుంది, గొంతులోంచి చిన్న మూలుగు వచ్చింది. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నాకు ఏ పరీక్షలోనూ రాలేదు. నలుగు పెట్టాను, నీళ్ళు పోశాను. నెత్తిన ఇంకా పిండి అక్కడక్కడా అంటుకునే ఉంది. ఇక జుట్టుకి సాంబ్రాణి పొగ పట్టించడమే మిగిలింది.

మా ఇంట్లో అయితే కుంపటిలో నిప్పులు వేసి, వాటిమీద చిటికెడు చల్లి, పైన బుట్ట బోర్లించి, దానిమీద జుట్టు పరిచేవాళ్ళు. ఇక్కడ కుంపటి ఎక్కడ? కానీ ఎదురుగా కణకణమని కాగిన రాళ్ళున్నాయి. ఇంత చక్కటి ఏర్పాటు ఫిన్నిష్ వాళ్ళకి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అని జాలిపడుతూ, పండగ కదా అని పిసినారితనం లేకుండా, గుప్పెడు సాంబ్రాణి తీసి రాళ్ళమీద పోశాను.

బుస్సుమంది. తెల్లటి పొగ ముద్దలు ముద్దలుగా లేచింది. కిటికీ లేని గది, బిగించిన తలుపు. క్షణంలో నాకు నా చెయ్యి కనిపించలేదు. ఎవరో దగ్గుతున్నారు, ఎవరో బకెట్ తన్నుకున్నారు. "తలుపు! తలుపు!" అని నేను తెలుగులో అరుస్తున్నాను. చర్చిలో ఉన్నట్టు ఉండవలసిన చోటు అది. ముమ్ము భుజంతో తలుపు తోసింది, నలుగురం ఒకరిమీద ఒకరం మంచులోకి వచ్చి పడ్డాం. నెత్తిమీద సున్నిపిండి, ఒంటిమీద నూనె, ఎర్రటి కళ్ళు, బట్టలు లేవు. సరిగ్గా అప్పుడే వీధిలో మంచు తోసే ట్రక్కు వచ్చింది. దాన్ని నడిపేవాడు మమ్మల్ని చూశాడు, మా వెనక చెక్క గదిలోంచి లేస్తున్న పొగను చూశాడు, టోపీ కళ్ళమీదికి లాక్కుని, రేడియోలో ఫైరింజన్‌కి కబురు పెట్టాడు.

ఫైరింజన్ గంట కొట్టుకుంటూ వచ్చేసరికి మేం తువ్వాళ్ళు చుట్టుకోగలిగాం. అందులో వచ్చినవాళ్ళందరూ ఊరివాళ్ళే, ముమ్ము చేతి రొట్టె తిన్నవాళ్ళే. దిగీ దిగగానే మర్యాదగా వెనక్కి తిరిగి నిలబడ్డారు. వాళ్ళలో పెద్దాయన అటు తిరిగే అడిగాడు, "ఏమైంది ముమ్ము?" అని. ముమ్ము తువ్వాలూ మంచు బూట్లతో, నెత్తిన పిండితో, మహారాణిలా నిలబడి, "పండగ" అంది. పెద్దాయన గాలి పీల్చి, "వాసన బాగుందే" అన్నాడు. వెళ్ళిపోయారు. ముమ్ము నావైపు చూడకుండా లోపలికి వెళ్ళి కాఫీ పెట్టుకుంది.

ఆ తర్వాత మౌనం. అంతకుముందు మాత్రం ఏం మాట్లాడేదని మీరు అడగొచ్చు. అది వేరు, ఇది వేరు. మౌనంలో రకాలు కనిపెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని నా నమ్మకం. మా ఇంట్లో మాట్లాడటం లేదంటే ఒకటే అర్థం, అలిగారని. నాన్న అలిగితే పేపరు అడ్డం పెట్టుకుంటాడు. అమ్మ అలిగితే వంటింట్లో గిన్నెలు మాట్లాడతాయి. నానమ్మ అలిగితే గోడవైపు తిరిగి పడుకుంటుంది. అలిగినవాళ్ళు బెట్టు చేస్తారు, మనం బతిమాలాలి, ఇంకాస్త బెట్టు చేస్తారు, ఇంకాస్త బతిమాలాలి, చివరికి "సరేలే, పెట్టు" అంటూ కంచం ముందు కూర్చుంటారు. ఇది మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

ఆ విద్యనంతా ముమ్ము మీద ప్రయోగించాను. గోధుమ రవ్వ కొనుక్కొచ్చి ఉప్మా చేశాను, ఆవిడ తిని, "బాగుంది" అని కంచం కడుక్కుంది. సౌనా బల్లలన్నీ సబ్బుతో రుద్దాను, ఆ సాంబ్రాణి వాసన చచ్చినా పోలేదు. ఆవిడ ఏ గదిలోకి వెళితే ఆ గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. క్షమించండి అన్న ఫిన్నిష్ మాట ఎదురుపడ్డప్పుడల్లా అన్నాను.

"దేనికి?" అనేది ముమ్ము.

"మీకు కోపం వచ్చింది కదా."

"లేదు."

ఇక నాకు అనుమానం లేకపోయింది. నాకేం కోపం లేదు అన్నారంటే కోపం నషాళానికి అంటినట్టే. మా నానమ్మ కూడా సరిగ్గా ఇదే మాట, ఇదే గొంతుతో అంటుంది. నేను మరింత బతిమాలేదాన్ని, ఆవిడ మరింత విస్తుపోయి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. ఆపైన, "ఈ శనివారం సౌనా లేదు" అంది. కారణం చెప్పలేదు, చెల్లెళ్ళూ రాలేదు. నా మూలంగా వాళ్ళ నాన్న కట్టిన సౌనా మూతపడింది, అక్కచెల్లెళ్ళు విడిపోయారు, అంతా అయిపోయింది అనుకున్నాను.

"నువ్వు పరేషాన్ కాకు," అంది వదిన. "ఆమె వద్దంటే వద్దననియ్. ఇండియా పోయేముందు ఇటు వచ్చెయ్, టికెట్ నేను బుక్ చేస్త. మా ఫ్రిస్కోల మాట్లాడేటోళ్ళకు కరువా? చెవులు మూసుకునే పరిస్థితి."

"నాకు ఇక్కడే ఉండాలనుందొదినా," అన్నాను, ఏడుపొచ్చేసింది.

"గట్లనా?" అంది వదిన. ఆ రోజు ఆవిడ కూడా నవ్వలేదు.

కాలేజీ ఉద్యోగిని ఫలానా రోజు వస్తానని కబురు పెట్టగానే పెట్టె దించి సర్దడం మొదలుపెట్టాను. పొమ్మనిపించుకుని హడావిడిగా సర్దుకోవడం నామోషీ కదా. ముమ్ము ఉతికి మడిచిన నా బట్టలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పెట్టెను చూసింది. బట్టలు మంచంమీద పెట్టి వెళ్ళిపోయింది, నో నీన్ కూడా అనలేదు. మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి పెట్టెమీద కొత్త ఊలు మేజోళ్ళు రెండు జతలు ఉన్నాయి, ఆవిడ అల్లినవే. మావైపు ఆడపిల్లని పంపేటప్పుడు బట్టలు పెట్టి పంపుతారు. ఇంకేముంది, ఈవిడ కూడా సాగనంపుతోంది అని అర్థమైపోయింది. ఆ మేజోళ్ళు ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

ఉద్యోగిని వచ్చింది. బయట మంచు కురుస్తోంది. వంటింటి బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. ఆవిడ రోడ్ల గురించి, తన కారు టైర్ల గురించి, రాబోయే క్రిస్మస్ గురించి మాట్లాడి, ఏలకుల రొట్టె తిని, చివరికి అడిగింది. "చెప్పండి ముమ్ము, రెండో సెమిస్టర్‌కి ఈ అమ్మాయిని ఉంచుకుంటారా?"

ముమ్ము కాఫీ కెటిల్ కింద పెట్టింది. దాని మూత సరిచేసింది, పక్కనున్న గుడ్డ మడత పెట్టింది.

"నన్నెందుకు అడుగుతావు?" అంది చివరికి. "ఆ పిల్లనడుగు. పెట్టె సర్దుకుంది."

గొంతు మామూలుగానే ఉంది. కానీ చేతులు ఊరికే ఉండలేక బల్లమీద లేని రొట్టె పొడి తుడుస్తున్నాయి.

"మీరు పొమ్మంటారని సర్దుకున్నాను," అన్నాను.

"నేను పొమ్మనలేదే."

"మీకు కోపం వచ్చింది! అప్పట్నించి మాట్లాడటం లేదు!"

"కోపం వస్తే చెప్పేదాన్ని," అంది ముమ్ము, ఇందులో తెలియకపోవడానికి ఏముంది అన్నట్టు.

మా వంశంలో ఇన్ని తరాల్లో ఎవరికీ తట్టని ఉపాయం అది. "మరి సౌనా ఎందుకు ఆపేశారు?" అన్నాను.

"జింకల వేట రోజులు. చెల్లెళ్ళు వేటగాళ్ళకి వండడానికి అడవికి వెళ్ళారు."

"మేజోళ్ళు ఎందుకిచ్చారు?"

"చలి."

ఉద్యోగిని నోట్లో రొట్టె నమలడం మానేసింది. నాకు నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, ఏది ముందు రానివ్వాలో తెలియడం లేదు. ఇన్ని రోజులు నేను బెంగతో చచ్చిపోతుంటే ఈవిడ చలి అంటుంది! నిజంగానే కోపం వచ్చింది నాకు. "పెట్టె చూశారు కదా! వెళ్ళొద్దని ఒక్క మాట అనొచ్చు కదా!" అని అరిచాను.

ముమ్ము నొచ్చుకుంది. "నీ పెట్టె," అంది. "వెళ్ళాలనుకునే మనిషిని ఆపడం మర్యాద కాదు. నేను ఎలా అడుగుతాను?"

"మా ఊళ్ళో అడగాలి," అన్నాను, ముక్కు తుడుచుకుంటూ. "చెయ్యి పట్టుకుని అడగాలి. అడగకపోతే పొమ్మన్నట్టే."

ముమ్ము ఆ మాట గురించి ఆలోచించింది. ఆవిడ ఆలోచిస్తే ఎంతసేపు పడుతుందో మీకు ఈపాటికి తెలుసు. తర్వాత లేచింది. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది. బల్ల చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చి, ఎక్కడ పట్టుకోవాలో తెలియనట్టు ఒక క్షణం తటపటాయించి, నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఉండు," అంది.

నేను ఏమీ అనలేకపోయాను. ఆవిడకి కంగారు పుట్టింది. మా ఊళ్ళో ఒక్కసారి అడిగితే సరిపోతుందో లేదో అని కాబోలు, నా మొహంలోకి చూస్తూ, ఈసారి కాస్త గట్టిగా, మళ్ళీ అంది.

"ఉండు."